చేయి తిరిగిన ఆడిటరెవరో తెలిసేదెలా?

జేఎన్‌టీయూ నుంచి ప్రగతి నగర్ మీదుగా బాచుపల్లి వెళ్లే దారిలో పై అంతస్తుల బోర్డులన్నిటి మీదా దాదాపు ఒకే వరస కనిపిస్తుంది: ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ, కంపెనీ రిజిస్ట్రేషన్, ఆడిట్, ప్రాజెక్టు రిపోర్టులు. లోపల కూర్చున్నది చార్టర్డ్ అకౌంటెంటా, కంపెనీ సెక్రటరీయా, కాస్ట్ అకౌంటెంటా, లాయరా, జీఎస్టీ ప్రాక్టీషనరా, లేక ఇవేవీ కాకుండా రిటర్నులు వేయడం అలవాటైన మనిషా అన్నది వచ్చేవాళ్లలో చాలామంది అడగరు. అందరూ ఆడిటర్ గారే. కిరాణా కొట్టు, మందుల షాపు, చిన్న కాంట్రాక్టరు, జీతం రిటర్ను వరకు ఆ పద్ధతి బాగానే నడిచింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పాతికేళ్లలో ఈ కాలనీల లెక్కలే మారిపోయాయి. ఒకరికి జీతంతో పాటు అమెరికా కంపెనీ షేర్లు వస్తాయి. ఇంకొకరు రెండు గదుల ఆఫీసులో కూర్చుని డల్లాస్ క్లయింటుకు సాఫ్ట్‌వేర్ రాసి డాలర్లలో బిల్లు వేస్తారు. మరొకరు స్టార్టప్‌ల కేంద్రమైన టీ-హబ్‌లో మొదలుపెట్టిన కంపెనీకి ఇన్వెస్టర్‌ను వెతుకుతుంటారు. మూడింటికీ మూడు రకాల అనుభవం కావాలి. ఎవరికి ఏ పనిలో చేయి తిరిగిందో సలహా కోసం వచ్చినవాళ్లు తెలుసుకునేదెలా, తెలియజెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

ప్రత్యేక నైపుణ్యానికి మన దేశంలో గుర్తింపే లేదనలేం. పరీక్షలున్నాయి, రిజిస్టర్లున్నాయి, నియంత్రణ సంస్థలున్నాయి. ప్రభుత్వానికో బ్యాంకుకో కోర్టుకో నమ్మదగిన సంతకం అవసరమైన చోటల్లా చట్టం నిపుణుణ్ణి విడిగా గుర్తించింది. ఫీజు కట్టి సలహా తీసుకునే మామూలు మనిషికి అదే అవసరం పడ్డ చోట మాత్రం ఊరుకుంది. ఈ వ్యాసం వాదన ఇదీ: గుర్తింపు వృత్తికి కాక పనికి ఇవ్వాలి, ఎవరైనా చూసుకోగల రిజిస్టరులో అది ఉండాలి, గడువు తీరేదిగా, తప్పు చేస్తే పోయేదిగా ఉండాలి, అంతే తప్ప, గుర్తింపు లేనివాళ్లు ఆ పని చేయకూడదనే ఆంక్షగా మారకూడదు.

చట్టం తన అవసరానికి నిపుణుణ్ణి ఎలా ఎంచుకుంటుందో షేరు విలువ కట్టే పనిలో బాగా తెలుస్తుంది. ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒకే ఏడాదిలో ఇక్కడి ఇన్వెస్టర్‌కు కొన్ని షేర్లు, విదేశీ ఇన్వెస్టర్‌కు కొన్ని, ఉద్యోగులకు షేర్లు కొనుక్కునే ఆప్షన్లు (ఈసాప్స్) ఇచ్చిందనుకుందాం. 2013 కంపెనీల చట్టం కింద ప్రిఫరెన్షియల్ కేటాయింపుకు ధర చెప్పాల్సింది రిజిస్టర్డ్ వాల్యుయర్. విదేశీ పెట్టుబడుల మీద 2019లో వచ్చిన విదేశీ మారక నిర్వహణ (ఫెమా) నియమాలు చార్టర్డ్ అకౌంటెంట్, సెబీలో నమోదైన మర్చంట్ బ్యాంకర్, ప్రాక్టీసులో ఉన్న కాస్ట్ అకౌంటెంట్ ముగ్గురిలో ఎవరి సర్టిఫికెట్ అయినా ఒప్పుకుంటాయి. ఉద్యోగి ఆప్షన్ వాడుకున్న రోజు పన్ను కోసం విలువ కట్టే పనిని 1962 ఆదాయపు పన్ను నియమాలు మర్చంట్ బ్యాంకర్‌కే ఇచ్చాయి. కంపెనీ అదే, షేరూ అదే, నిపుణులు మాత్రం ముగ్గురు. కంపెనీ తన షేర్లను సరైన విలువకు మించి అమ్మితే ఆ పై మొత్తం మీద వేసిన ఏంజెల్ ట్యాక్స్ కథ ఇంకా విచిత్రం. భవిష్యత్తు రాబడిని బట్టి విలువ కట్టే డీసీఎఫ్ పద్ధతిలో చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన రిపోర్టు 2018 మే దాకా చెల్లింది. ఆ నెలలో నియమం మార్చి ఆ పనిని మర్చంట్ బ్యాంకర్లకే మిగిల్చారు. 2024 బడ్జెట్‌లో అసలా పన్నునే ఎత్తేశారు. నిన్నటిదాకా చెల్లిన సంతకం మర్నాటి నుంచి చెల్లకపోయిందంటే ఆ ఒక్క రాత్రిలో ఆయన విద్య ఏమీ తరిగిపోలేదు. ఆ గుర్తింపు పన్ను శాఖ తన ధీమా కోసం పెట్టుకున్నది కాబట్టి, తన ధీమా మారగానే మార్చుకుంది. వీరిలో ఎవరు పని బాగా చేస్తారో తెలుసుకునే వీలు కంపెనీ పెట్టినవారికి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రెండో వైపు చూస్తే, హైటెక్ సిటీ ఉద్యోగికి ఏటా పడే పని చట్టం ఎవరికీ అప్పగించనిది. కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్ల విలువ జీతంలో కలిసి ఫారం 16లో కనిపిస్తుంది, టీడీఎస్ కూడా కట్ అయిపోతుంది. దాంతో పని ముగిసిందని ఉద్యోగి అనుకుంటారు. ముగియలేదు. ఆ షేర్లను రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. ఆదాయం లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా అయితే, ఈ షెడ్యూలు లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. డివిడెండు మీద ఒప్పందం ప్రకారం అమెరికాలో 25 శాతం పట్టుకుంటే దాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవడానికి వేరే ఫారం ఉంది. విదేశీ ఆస్తి చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా ఉండదన్న సడలింపు 2024 అక్టోబరు 1 నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి జీఎస్టీ రిటర్నులు తప్పులేకుండా వేసే మనిషికి ఈ షెడ్యూలు ఒక్కసారి కూడా ఎదురుపడి ఉండకపోవచ్చు. పైగా ఒకరి రిటర్ను తయారుచేసి ఇవ్వడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆడిట్ రిపోర్టు మీద సంతకానికి, అధికారి ముందు హాజరు కావడానికి మాత్రమే అర్హత అడుగుతారు. అంటే పొరపాటు పుట్టే చోట పరీక్ష లేదు, నోటీసు వచ్చాక వెళ్లే చోట ఉంది.

మంచి సలహాదారును నలుగురి మాటే పట్టిస్తుంది, నోటిమాటకు మించిన గుర్తింపు లేదు అన్నది సాధారణంగా వచ్చే జవాబు. టిఫిన్ సెంటరుకైతే ఆ జవాబు సరిపోతుంది. కొన్న తర్వాత కూడా నాణ్యత తేల్చుకోలేని సేవలు కొన్ని ఉంటాయని ఆర్థికవేత్తలు మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ 1973లో చూపారు. పన్ను సలహా సరిగ్గా ఆ జాతిది. నోటీసు రాకపోతే సలహా సరైందని అర్థం కాదు, ఎవరూ ఇంకా చూడలేదని కావచ్చు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు జరిపి, కమీషన్ మీద బోగస్ మినహాయింపులు పెట్టి రీఫండ్లు తెప్పించే మధ్యవర్తులను పట్టుకుంది. ఆ క్లెయిములు పెట్టినవారిలో మల్టీనేషనల్ కంపెనీల ఉద్యోగులూ ఉన్నారు. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖ ప్రకటించింది. ఆ మధ్యవర్తులు నోటిమాట వల్లే పెరిగారని మరిచిపోకూడదు. పక్క సీటు ఉద్యోగికి 20 వేల రీఫండ్ వస్తే తనకు 80 వేలు వచ్చిన మనిషి తన ఆడిటర్ గొప్పవాడని నలుగురికీ చెబుతాడు. అందరికంటే సంతోషంగా ఉన్న క్లయింట్లే అందరికంటే పెద్ద ప్రమాదంలో ఉన్నారు. ఇంటర్నెట్‌లో చుక్కలు లెక్కపెట్టి సలహాదారును ఎంచుకునే పద్ధతికి ఉన్న లోపం కూడా ఇదే.

మరి నిజంగా పని తెలిసినవారు ఆ సంగతి ఎందుకు చెప్పుకోరు? వృత్తి నియమాలు చెప్పుకోనివ్వవు. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూలు, క్లయింట్ల కోసం వెంటపడడాన్నీ, కార్డు మీదా బోర్డు మీదా చార్టర్డ్ అకౌంటెంట్ అన్న హోదా తప్ప మరో బిరుదు వేసుకోవడాన్నీ దుష్ప్రవర్తనగా చూస్తుంది. యూనివర్సిటీ డిగ్రీలకు, గుర్తింపు పొందిన సంస్థల సభ్యత్వానికి మాత్రమే మినహాయింపు. చేసే సేవలను వివరంగా రాసి ప్రకటించుకునే వీలు 2006 సవరణతో వచ్చింది, అదీ వారి సంస్థ కౌన్సిల్ మార్గదర్శకాలకు లోబడి. లాయర్ల విషయంలో బార్ కౌన్సిల్ 36వ నియమం నేమ్‌ప్లేటు మీద ఫలానా రకం కేసుల్లో ప్రత్యేకత ఉందని రాయడమే కుదరదంటుంది. వెబ్‌సైటులో ఏయే రంగాల్లో ప్రాక్టీసు చేస్తారో పెట్టుకోవడానికి 2008లో ఒప్పుకుంది. ఈ నియమాల వెనక ఉన్న భయం నిజమైనదే. ప్రచారానికి తలుపు తీస్తే పని తెలిసినవాడి కంటే గొంతు పెద్దదైనవాడు ముందుకొస్తాడు. కానీ నియమం కట్టేసింది నియమాన్ని పాటించేవాళ్లనే. ఏ సంస్థలోనూ సభ్యత్వం లేని కన్సల్టెంట్ స్తంభానికో ఫ్లెక్సీ కట్టుకుని, రీఫండ్ గ్యారంటీ అని రాసుకున్నా అతనికి వృత్తి క్రమశిక్షణ అంటదు. చదువుకుని, పరీక్ష రాసి, సభ్యత్వం తీసుకున్నవారేమో నోరు కట్టుకుని కూర్చుంటారు. ప్రచారాన్ని ఆపాలన్న ఉద్దేశం మంచిదే గానీ, ప్రచారంతో పాటు సమాచారమూ ఆగిపోయింది.

సమాచారాన్ని ప్రచారం నుంచి విడదీయడం ఎలాగో మన చట్టాల్లోనే దారి ఉంది. 2016 దివాలా స్మృతి చార్టర్డ్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంట్, లాయర్లలో ఎవరైనా సరే పదేళ్ల అనుభవం చూపి, విడిగా పరీక్ష రాసి, ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్‌గా నమోదు కావాలంది. వాళ్ల జాబితా దివాలా బోర్డు వెబ్‌సైటులో ఉంటుంది, క్రమశిక్షణ ఉత్తర్వులూ అక్కడే ఉంటాయి, కొత్త కేసు చేపట్టే అనుమతిని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి. ఈ స్మృతి కింద దేశంలో మొట్టమొదటి పరిష్కార ప్రణాళికకు 2017 ఆగస్టు 2న ఆమోదం ఇచ్చింది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్ బెంచే. కంపెనీ విశాఖపట్నానికి చెందిన సినర్జీస్ డూరే ఆటోమోటివ్. అప్పులిచ్చినవారికి దక్కింది తక్కువేనన్న విమర్శ వచ్చింది, వివాదం అప్పీలు దాకా వెళ్లింది. గుర్తింపు ఉంటే అంతా సవ్యంగా జరుగుతుందని కాదు; జరిగినదానికి బాధ్యత ఎవరిదో, ఎక్కడ అడగాలో తెలుస్తుంది. ఇంకా దగ్గరి ఉదాహరణ నానక్‌రాంగూడలోనే ఉంది. అక్కడి నుంచి పనిచేసే బీమా నియంత్రణ సంస్థ, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్లకు విభాగాల వారీగా లైసెన్సు ఇస్తుంది: అగ్ని ప్రమాదం, మోటారు, ఇంజినీరింగ్, ఓడ సరుకు, పంట, లాభాల నష్టం ఇలా. కాలిపోయిన గోదాముకు మోటారు సర్వేయర్ రాడు. ఐటీ కారిడార్‌లో బంపర్ సొట్టకు ఉన్నపాటి విభజన విదేశీ ఆదాయపు సలహాకు లేదు.

బయటి దేశాల అనుభవంలో పనికొచ్చే పాఠాలు రెండున్నాయి. అమెరికాలోని టెక్సాస్‌లో 1974 నుంచి లాయర్ల ప్రత్యేకతను ధ్రువీకరించే బోర్డు ఉంది. ఆ రంగంలో చేసిన పని, తోటి లాయర్ల, జడ్జీల అభిప్రాయం, పరీక్ష, అన్నీ చూసి ఐదేళ్లకు గుర్తింపు ఇస్తారు, ఆ తర్వాత మళ్లీ నిరూపించుకోవాలి. గుర్తింపు లేని లాయరు ఆ కేసులు వాదించడానికి అడ్డు లేదు. గుర్తింపు ఉందని చెప్పుకోవడానికి మాత్రమే అడ్డు. ఇల్లినాయ్‌లో ఒక లాయరు లెటర్‌హెడ్ మీద తన ధ్రువీకరణను రాసుకున్నందుకు శిక్షిస్తే, అది నిజమైనప్పుడు, సరిచూసుకోగలిగినప్పుడు దాన్ని మోసమనలేమని 1990లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రెండో పాఠం రిటర్నులు వేసేవాళ్లది. వాళ్లందరికీ పరీక్ష తప్పనిసరి చేయబోయిన అమెరికా పన్ను శాఖకు ఆ అధికారం లేదని 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది. శాఖ వెనక్కి తగ్గి స్వచ్ఛంద కార్యక్రమం మొదలుపెట్టింది. ఎవరికి ఏ అర్హత ఉందో చూపే జాబితాను ప్రజల ముందు పెట్టింది. ఆ శాఖ పరీక్ష రాసి ఎన్‌రోల్డ్ ఏజెంట్లయినవారు హైదరాబాద్ ఆఫీసుల్లోనూ ఉన్నారు. అమెరికా రిటర్ను వేసే మన నగరవాసి అర్హతను సరిచూసుకునే జాబితా ఉంది. ఇక్కడి రిటర్ను వేసేవారికి అలాంటిది లేదు.

గుర్తింపు మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది హైదరాబాద్ అనుభవం నుంచే పుడుతుంది. బిరుదులూ పరీక్షలూ నైపుణ్యానికి హామీ అయితే సత్యం కంప్యూటర్స్ ఎందుకు కూలింది? ప్రగతి నగర్‌కు ఎంతో దూరం లేని బహదూర్‌పల్లిలో క్యాంపస్ ఉన్న ఆ కంపెనీకి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. ఆడిట్ చేసింది ప్రపంచంలోని నాలుగు పెద్ద సంస్థల్లో ఒకదాని పేరు పెట్టుకున్న ప్రైస్ వాటర్‌హౌస్. 2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడ్డాక తేలిందేమిటంటే పుస్తకాల్లోని 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. బ్యాంకులో డబ్బుందో లేదో తెలుసుకోవడానికి మహా నైపుణ్యం ఏమీ అక్కర్లేదు. ఆడిటర్ తానే బ్యాంకుకు లేఖ రాసి, జవాబు తన చేతికే వచ్చేలా చూసుకోవాలి. ఆడిటింగ్ నేర్చుకునే కుర్రాళ్లకు మొదట చెప్పే పని అది. ఆ పని కంపెనీ చేతుల మీదుగా జరగనిచ్చారు. 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు ఆడిట్ సంస్థల మీద మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా వేసినప్పుడు ఎత్తిచూపిన లోపం ఇదే. ఈ ఉదాహరణ గుర్తింపునంతటినీ కొట్టిపారేయదు, ఏ రకం గుర్తింపు పనికిరాదో చెబుతుంది. అవార్డు ఒకసారి ఇచ్చి వదిలేసేది. సంస్థ పేరు ఎక్కడో మరెవరో సంపాదించిన పరపతి. చేసిన పనిని బయటివాళ్లు మళ్లీ తెరిచి చూడడం ఆ రెంటిలోనూ లేదు. పెద్ద కంపెనీల ఆడిట్లను అలా తెరిచి చూసే సంస్థగా 2018లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ వచ్చింది. దాని ఉత్తర్వులు బహిరంగం. చిన్న క్లయింట్ల పని దాని పరిధిలోకి రాదు.

గుర్తింపు గుత్తాధిపత్యమై కూర్చుంటుందన్నది మరో అభ్యంతరం. ప్రత్యేక నిపుణులన్న ముద్ర పడ్డ కొద్దిమంది ఫీజులు పెంచేస్తారు, మిగతావాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు, సిద్దిపేటలోనో నరసరావుపేటలోనో ఒంటరిగా ప్రాక్టీసు చేసుకునేవారికి పని పోతుంది అంటారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో రాసిన పుస్తకంలో నమోదు, ధ్రువీకరణ, లైసెన్సు మూడింటినీ విడదీసి చూపింది ఈ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకునే. లైసెన్సు ఇతరులను పని చేయనివ్వదు. ధ్రువీకరణ ఎవరినీ ఆపదు, కొనేవారికి ఒక సమాచారం ఇస్తుంది. ఇక్కడ అడుగుతున్నది ధ్రువీకరణే. అది ఊళ్లో ఉన్న చిన్న ప్రాక్టీషనర్‌కు నష్టం చేయకపోగా మేలు చేయగలదు. ఇవాళ ఆయనకు ఒకే గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీల ధర తేల్చే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఎంత బాగా వచ్చినా పెద్ద సంస్థ పేరు లేకపోతే కారిడార్‌లోని విదేశీ కంపెనీ గడప ఎక్కడం కష్టం. పేరుకు బదులు పని ఆధారంగా రిజిస్టరు ఉంటే ఒక్క మనిషి ఆఫీసుకూ అందులో చోటుంటుంది.

అన్నీ కొద్దికొద్దిగా తెలిసిన ఒక్క మనిషే చిన్న వ్యాపారానికి మేలన్న మాటలో మాత్రం నిజం చాలా ఉంది. పదిమంది ఉద్యోగులున్న కంపెనీ జీఎస్టీకి ఒకరిని, ఫెమాకు ఒకరిని, ఈసాప్స్‌కు ఒకరిని పెట్టుకోలేదు. పెట్టుకున్నా, ఎవరికి వారు తమ ముక్క చూసి వెళ్లిపోతే మొత్తాన్ని పట్టించుకునేవారుండరు. ఈ వాదన ప్రత్యేక గుర్తింపును వద్దనడానికి పనికిరాదు, దాని హద్దు ఎక్కడో చెప్పడానికి పనికొస్తుంది. ఆస్పత్రిలో గుండె డాక్టరు ఎవరో తెలిసినంత మాత్రాన కుటుంబ వైద్యుడు అక్కర్లేకుండా పోడు. ఎవరి దగ్గరికి పంపాలో ఆయనకు తెలియడం వల్లే ఆయన విలువ పెరుగుతుంది. అలాగే మామూలు ఆడిటర్‌కు ఉండాల్సిన మొదటి నేర్పు తన ఎరుక ఎక్కడ ఆగుతుందో గమనించుకోవడం. ఇవాళ ఆయన అది ఒప్పుకోవడానికి భయపడతాడు. ఇంకొకరి దగ్గరికి పంపితే క్లయింటు అటే పోతాడు, పంపాల్సినవారు ఎవరో సరిచూసుకునే జాబితా ఆయన దగ్గరా లేదు. రిజిస్టరు మొదట ఉపయోగపడేది బహుశా ఇలాంటి ఆడిటర్లకే.

ఇంతకీ అలాంటి రిజిస్టరుకు ఆధారం ఎక్కడి నుంచి తెస్తారు? చాలావరకు ఇప్పటికే పోగుపడి ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్లు సంతకం చేసే సర్టిఫికెట్లకు 2019 ఫిబ్రవరి నుంచి, ఆడిట్లన్నిటికీ అదే ఏడాది జూలై నుంచి 18 అంకెల గుర్తింపు సంఖ్య (యూడీఐఎన్) తప్పనిసరి. ఆ సంఖ్య తీసుకునేటప్పుడు పత్రం ఏ రకమో కూడా నమోదు చేయాలి. ఆ సంతకం అసలుదో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అంటే ఎవరు ఏ రకం పని ఎన్ని చేశారన్న లెక్క చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఏటా పెరుగుతూనే ఉంది. క్లయింట్ల పేర్లు బయటపెట్టకుండానే, ఫలానా సభ్యుడు గత మూడేళ్లలో ఈ రకం పని చేశాడు అని చూపవచ్చు. ఎక్కువ సంతకాలంటే ఎక్కువ నాణ్యత అని కాదు. ఒకరు ఏడాదికి 60 ట్యాక్స్ ఆడిట్లు మించి చేయకూడదని ఇన్‌స్టిట్యూటే హద్దు పెట్టిందంటే, మితిమీరిన సంఖ్య ప్రమాద సూచన అని దానికీ తెలుసు. అందుకే సంఖ్యకు తోడు ఆ అంశంలో పరీక్ష, తోటి సభ్యులు ఫైళ్లు తెరిచి చూసే పీర్ రివ్యూ, క్రమశిక్షణ చర్యల వివరం ఉండాలి. గడువూ ఉండాలి. 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసేలా తెచ్చారు. సెక్షన్ల సంఖ్యలన్నీ మారాయి. పాత చట్టం మీద పదేళ్ల కింద తీసుకున్న సర్టిఫికెట్‌ను గోడకు తగిలించుకుని నేటి నిపుణుడినని చెప్పుకోవడం కుదరదు.

అన్ని రంగాల్లోనూ ఒకేసారి ఇది మొదలుపెట్టనక్కర్లేదు. మామూలు మనిషికి నష్టం పెద్దది, చట్టం ఎవరికీ అప్పగించనిది అయిన పనులు ముందు చూడాలి. ఐటీ కారిడార్ లెక్కన అవి రెండు: ఒకటి ఉద్యోగుల విదేశీ షేర్లు, ఆదాయం; రెండోది చిన్న కంపెనీలకు వచ్చే విదేశీ పెట్టుబడి, ఎగుమతి బిల్లుల మీద సలహా. ఈ రెంటికీ పార్లమెంటు కొత్త చట్టం చేయాల్సిన పని లేదు. కౌన్సిల్ గుర్తించిన సంస్థలో సభ్యత్వాన్ని సూచించే బిరుదు వాడుకోవచ్చని 1949 చట్టం షెడ్యూలులోనే ఉంది. ఇన్‌స్టిట్యూట్ తన వెబ్‌సైటులో తానే పెట్టే రిజిస్టరు సభ్యుడి ప్రచారం కిందికి రాదు. కంపెనీ సెక్రటరీల, కాస్ట్ అకౌంటెంట్ల సంస్థలూ, బార్ కౌన్సిలూ కలిసొస్తే అది ఒక వృత్తి జాబితాగా కాక పని జాబితాగా ఉంటుంది. అప్పటిదాకా క్లయింటు చేయగలిగింది కొన్ని సూటి ప్రశ్నలు అడగడం: ఈ పని గత మూడేళ్లలో మీరు చేశారా, సంతకం ఎవరిది, నోటీసు వస్తే హాజరయ్యేది ఎవరు, ఇదంతా కాగితం మీద రాసిస్తారా. పని తెలిసినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. అయితే రీఫండ్ ఎంత తెప్పిస్తారన్న ఒకే ఒక్క ప్రశ్నతో వచ్చే క్లయింటుకు ఎంత మంచి రిజిస్టరూ అక్కరకు రాదు. నైపుణ్యాన్ని గుర్తించే బాధ్యతలో ఆ మేరకు వాటా ఫీజు కట్టేవారిదీ.